వేళ్ళతో తిట్టిన తిట్లు

తమిళుల ఆడి నెల పుట్టిన రోజు పొద్దున్నే భువనేశ్వరి ఒట్టు పెట్టుకుంది. పేరంటాలమ్మకు పొంగలి పెట్టేదాకా తన నోట ఒక్క తిట్టు రాదని, ఎవరితోనూ పోట్లాడనని, అత్తగారు అంబుజం వెలిగించిన దీపం ముందు నిలబడి చెంపలు వేసుకుని మరీ చెప్పింది. ఆ చెంపల ఎరుపు తగ్గకముందే హాల్లోకి వచ్చి, కంప్యూటర్ మీద కప్పిన అల్లిక గుడ్డ తీసి పక్కన పడేసి, జన్మలో మొహం చూడని ఒక ఆడమనిషిని కీబోర్డు మీద ఉతికి ఆరేసింది.

ఇందులో ఆవిడకు తప్పేమీ కనబడలేదు. నోరు విప్పిందా? లేదు. ఒట్టు నోటికి గాని వేళ్ళకు కాదు కదా! పేరంటాలమ్మ బతికున్న నాడు కీబోర్డులు లేవు, ఆ తల్లి వాటి మీద ఆంక్షలేమీ పెట్టి పోలేదు. తర్కం ఇంత చక్కగా కుదిరేసరికి భువనేశ్వరికి ఇంకో నాలుగు తిట్లు తోచాయి. అవీ కొట్టేసి, ఏమీ ఎరగని దానిలా వెళ్ళి అత్తగారికి కాఫీ కలిపి ఇచ్చింది.

అసలు గొడవ పులుసు దగ్గర మొదలైంది. పుదుచ్చేరిలో ఇందిరా నగర్‌లో వాళ్ళది తెలుగు ఇల్లు. ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి, నేల దున్నుకుని, ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, భర్త శ్యామ్‌సుందర్ ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడటమే గాని రాయడం, చదవడం ఆ ఇంట్లో ఒక్కరికీ రాదు. బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా ఇళ్ళకు వస్తున్న రోజులవి. కిందటేడు కూతురు జనని ప్లస్ వన్‌లో, అంటే ఇంటర్ మొదటి ఏడులో చేరింది, చదువుకు కావాలంది, పెట్టించారు. బిడ్డ చదువుకు వచ్చిన తీగ తల్లి మెడకు చుట్టుకుంది.

'మన పోపులపెట్టె' అని ఒక సైటు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ ఆడవాళ్ళు వంటల గురించి చెప్పుకునే చోటు. అక్కడ తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదని తెలిసిన రోజు భువనేశ్వరి ఎగిరి గంతేసింది. ఇంట్లో ఇరవై రకాలు వండినా 'ఊఁ' అనే దిక్కు లేదు. ఇక్కడ కంది పొడి గురించి రాస్తే పదిమంది చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో 'మా ఇంటి తెలుగు పులుసు' అని రాసింది. చిక్కగా చింతపండు పిసికి, చివర్లో కొబ్బరి పాలు పోసి, వడగం వేసి తాలింపు పెట్టే పులుసు. వడగం అంటే చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఆవాలు, మినప్పప్పు దంచి, ఆముదం రాసి, ఉండలు చేసి ఎండబెట్టుకునేది. నూనెలో చిదిమి వేస్తే నాలుగిళ్ళ అవతల వాళ్ళకు కూడా ఆకలి పుడుతుంది.

దాని కింద 'గోదావరి వదిన' అనే పేరుతో ఒకావిడ రాసింది. "చూడ్డానికి బాగానే ఉందమ్మా. కానీ కొబ్బరి పాలు పోసి, ఆ ఉండలేవో వేస్తే అది అరవ వాళ్ళ కుళంబు అవుతుంది గాని మన పులుసు ఎందుకవుతుంది? పేరు మార్చండి." అంతే. ఆ రెండు ముక్కలు రాసి ఆ ఇల్లాలు తన పని చూసుకుంది.

భువనేశ్వరికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవతె ఇది? మా అవ్వ, వాళ్ళ అవ్వ, ఆమె అవ్వ వండిన పులుసుకు పేరు మార్చమనడానికి ఇదెవతె? తమిళ వీధిలో పుట్టి, తమిళ బడిలో చదివి, అయినా ఇంట్లో బిడ్డల చేత తెలుగు పలికించుకుంటున్నామే, ఆ కష్టం గోదావరి ఒడ్డున కాళ్ళు చాపుకు కూర్చున్న దీనికేం తెలుసు? ఆవిడ కోపంలో న్యాయం ఉంది. ఆ న్యాయమే కొంప ముంచింది. న్యాయం లేని కోపమైతే ఓ పూటకు చల్లారేది.

ఆ రోజు నుంచి జవాబు, దానికి జవాబు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గాని, ఆ సైటు నిండా కత్తిపీటలే. ఒకతె ఇటు, ఒకతె అటు, మధ్యలో ఎగదోసేవాళ్ళు ఇంకొందరు. తనను ఎవరేమన్నా అది గోదావరి వదిన మారుపేరుతో వచ్చి అన్నదేనని భువనేశ్వరి నమ్మకం. పొద్దున లేవగానే పళ్ళు తోమకముందు ఒకసారి చూడాలి. అన్నం కుక్కరు మూడో కూత కూసేలోపు ఒకసారి చూడాలి. కూరగాయలకని బయలుదేరి సగం దారిలో అరచేతులు దురద పెట్టి వెనక్కి వచ్చేసిన రోజులున్నాయి. జవాబు వస్తే గుండె దడ, రాకపోతే అంతకు మించిన దడ. మాడిన పాలు, ఉప్పెక్కువైన రసం, మూడు పూటలా ఇడ్లీ. శ్యామ్‌సుందర్ మెతక మనిషి. "ఇడ్లీ కూడా మంచిదే" అని తిని, చెయ్యి కడుక్కుని పోయేవాడు. తెలుగు వంట పరువు కాపాడే పనిలో పడి ఆవిడ తెలుగు వంట మానేసింది.

ఇక గరిటె సంగతి. ఎన్నో తరాల కిందట పసుపు కుంకుమలతో పోయిన ఆ ఇంటి కోడలు పేరంటాలమ్మ. ఆమెకు ఏటా ఆడి శుక్రవారం పెరట్లో పొంగలి వండి పెట్టాలి. అంబుజానికి మోకాళ్ళు అరిగిపోయి కింద కూర్చోలేని స్థితి వచ్చింది. ఈ ఏడు పొడుగు కాడ ఇత్తడి గరిటె పెద్దకోడలి చేతికి రావాలి. పెళ్ళై ఆ ఇంట కాలు పెట్టిన నాటి నుంచి భువనేశ్వరి ఆ గరిటె కోసం కాచుకుని ఉంది. వంటింట్లో ఎంత చాకిరీ చేసినా, ఆ ఒక్క రోజు మాత్రం ఆవిడ పని కట్టెలు అందించడమే. గరిటె పట్టిన కోడలిదే ఆ ఇంట్లో మాట. అందుకు నియమాలు రెండు. నెల పుట్టినప్పటి నుంచి పొంగలి దాకా వండే మనిషి పోట్లాడకూడదు. పొయ్యి మీద తపేలా పెట్టాక పొంగు వచ్చేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారే, ఆ ఇంట్లో నోరు మంచిదైతేనే పొంగలి.

మొదటి శుక్రవారం పెరట్లో మూడు ఇటుకల పొయ్యి పెట్టారు. తోటికోడలు మరగతం కదిర్కామం నుంచి మల్లెపూల మూటతో దిగింది. వంటలో మరగతం చెయ్యి మంచిదని చుట్టాలంతా అంటారు. ఆ మాట భువనేశ్వరికి గుచ్చుకున్నంతగా ముల్లు కూడా గుచ్చుకోదు. అంబుజం గోడ పట్టుకుని వచ్చి, గరిటె కళ్ళకద్దుకుని, పెద్దకోడలి చేతిలో పెట్టింది. భువనేశ్వరికి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

పాలు పోసి తపేలా ఎక్కించింది. కొబ్బరి మట్టలు తడిసి ఉన్నాయేమో, పొగే గాని మంట లేదు. అంబుజం పూజగదిలో పేరంటాలమ్మకు చీర మడతపెట్టే పనిలో ఉంది. మరగతం అరిటాకుల కోసం వీధిలోకి వెళ్ళింది. భువనేశ్వరి పీట మీద కూర్చుని పాలను చూస్తోంది. చూస్తున్నది పాలనే గాని, కనబడుతున్నది వేరు. పొద్దున ఎవరో రాశారు, "మీ ఊళ్ళో తెలుగు చచ్చి చాన్నాళ్ళయింది, మీరు కాపాడుతున్నది శవాన్ని" అని. దానికి తను బాగా గట్టిగా అంటించి వచ్చింది. ఈపాటికి జవాబు వచ్చే ఉంటుంది. పాలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఒక్క చూపు. చూసి వచ్చేస్తే చాలు.

జవాబు వచ్చి ఉంది. చూసి ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. కూర్చుంది. ఒక ముక్క కొడదామనుకున్నది పది ముక్కలైంది, పది పేజీ అయింది. పెరట్లో మట్టలు ఒక్కసారిగా అంటుకున్నాయి. పాలు పొంగాయి. పొంగినప్పుడు 'పొంగింది తల్లీ' అని కేక వెయ్యడానికి పొయ్యి దగ్గర పురుగు కూడా లేదు. పొంగినంత పొంగి, అడుగున మిగిలినవి మాడి, కమురు కంపు హాల్లోకి వచ్చి ముక్కుకు తగిలేదాకా భువనేశ్వరి వేళ్ళు ఆగలేదు.

కొట్టింది పంపేసి తిరిగి చూస్తే గుమ్మంలో అంబుజం. గోడ పట్టుకోకుండా నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పి కూడా కోపానికి భయపడి పక్కకు తప్పుకున్నట్టుంది.

"పొయ్యికాడ ఎవరూ లేరు. యాడికి పోయినావు?"

భువనేశ్వరి లేచి నిలబడింది.

"ఏంది అందులో? ఇన్ని దినాలుగా ఏం కొడతా ఉండావు? జననీ, ఇట్ట రా. మీ అమ్మ రాసింది చదువు. నేను వినాల."

"వద్దులే అవ్వా" అంది జనని.

"చదువు పాపా."

జనని తల్లి మొహం చూసింది, అవ్వ మొహం చూసింది. తెర మీదున్నది చదవడం మొదలుపెట్టింది. మొదట గొణిగింది. వినబడలేదని అవ్వ అనేసరికి గొంతు పెంచింది. "నువ్వు వండే పులుసు కుక్క కూడా ముట్టదు. మీ అమ్మ నీకు వంట నేర్పిందా, వాగేది నేర్పిందా? మొగుడికి కూడు పెట్టే తీరిక లేక ఊళ్ళో వాళ్ళ కుండల్లో మూతి పెట్టే దానివి నువ్వు..." అరిటాకులు చేత్తో పట్టుకుని వచ్చిన మరగతం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పదహారేళ్ళ ఆడపిల్ల, ఎన్నడూ పరుషంగా ఒక మాట అనని పిల్ల, కళ్ళ నీళ్ళు పెట్టుకుని చదువుతోంది. తల్లి వేళ్ళతో తిట్టిన తిట్లన్నీ బిడ్డ నోట్లోంచి బయటికి వస్తున్నాయి.

"చాలు" అంది అంబుజం. "ఈ ఆడమనిషి ఎవరు? మన బంధువా?"

"కాదు అత్తా."

"మన ఇంటికి ఎప్పుడన్నా వచ్చిందా? నీ చేతి కూడు తినిందా?"

"లేదు."

"నీ కూడు తినని దానితో నీ కూడు గురించి సండ పెట్టుకుని పోట్లాడతా ఉండావా! ఇంట్లో తినే వాళ్ళం ఏం తింటా ఉండామో నీకు తెలుసునా?"

"నోటితో అనలేదు గదా అత్తా" అంది భువనేశ్వరి. అంటూ ఉండగానే ఆ తర్కం ఎంత కుళ్ళిపోయి ఉందో తనకే వాసన కొట్టింది. "వేళ్ళతోనే..."

"ఇప్పుడు నోటితోనే వచ్చింది. నా మనవరాలి నోటితో."

అంబుజం పెరట్లోకి పోయి, మసిలో పడి ఉన్న గరిటె వంగి తీసుకొచ్చి, కొంగుతో తుడిచింది. "ఆడి నెలకు కడపటి శుక్రవారం ఇంకా ఉండాది. అప్పటిదాకా నీ నోరు, నీ చెయ్యి రెండూ సుద్ధంగా ఉంటే పొయ్యికాడ కూచో. లేకపోతే మరగతం కూచుంటాది. ఈ పెట్టెను నేను తీసెయ్యమనను. యాడుండేది ఆడే ఉండనీ." ఆ మాట అని గరిటె పట్టుకుని పూజగదిలోకి వెళ్ళిపోయింది.

భువనేశ్వరికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అత్తగారి మీద, పుల్లవిరుపు మాట ఒక్కటీ అనకుండా జాలిగా చూసిన మరగతం మీద, తడి మట్టలు అమ్మినవాడి మీద. అందరికంటే ఎక్కువ ఆ గోదావరి వదిన మీద. దాని మూలంగానే తన నోటికాడి గరిటె జారిపోయింది. అయినా గరిటె కావాలి. ఆ రాత్రే కంప్యూటర్‌కు తాళం మాట, అదే పాస్‌వర్డ్, మార్చి తనకు చెప్పవద్దని జననికి ఆజ్ఞ వేసింది. జనని మార్చింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆ ఇంటి గిన్నెలనడగాలి. వాటికి పడ్డ సొట్టలే సాక్ష్యం. ఇంతకాలం కోపమంతా వేళ్ళ లోంచి తీగలోకి పోయి ఎక్కడో పడేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. మిగిలిన దారి నోరొకటే, దానికీ గడియ పడింది. కూర అమ్మే ఆవిడ వంకాయలు పుచ్చులిస్తే పళ్ళు నూరి ఊరుకుంది. శ్యామ్‌సుందర్ తడి తువ్వాలు మంచం మీద వేస్తే గుప్పిళ్ళు బిగించి ఊరుకుంది. కాకి అరిస్తే కాకి మీద, గాలి వేస్తే గాలి మీద కోపం. నిద్ర పట్టదు. వేళ్ళు వాటంతటవే చీర కుచ్చిళ్ళ మీద టకటక కొట్టుకుంటాయి. ఏం కొడుతున్నాయో ఆవిడకు తెలుసు.

"కోవం ఆగలేదు అత్తా" అంది ఒకరోజు, దంచుతున్న రోకలి ఆపి.

"కోవం రాకూడదని ఎవరు చెప్పినారు? నాకు రాదా? వస్తాది. వచ్చినప్పుడు దంచు" అంది అంబుజం.

ఆ ఏడు వాళ్ళింట్లో కారం, పసుపు, ధనియాల పొడి పండగకు సరిపడా దంచి పెట్టారు. అయినా కోపం మిగిలింది. ఒక సాయంత్రం జనని ట్యూషన్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఉండగానే భువనేశ్వరి ఎదురెళ్ళింది.

"ఆ తాళం మాట ఏందో చెప్పు. ఒక్కసారి చూసి మూసేస్తాను."

"నువ్వే వద్దన్నావు గదమ్మా."

"ఇప్పుడు నేనే అడుగుతా ఉండాను. చెప్పు."

"చెప్పను."

"అది నా గురించి ఏమేం రాసి ఉంటాదో నీకు తెలుసా? ఊరుకుంటే ఓడిపోయినాననుకుంటాది!"

"అనుకోనీ. నాకేం" అంది జనని.

చెంప పగిలింది. ఆ పిల్ల మీద ఇంతవరకు చెయ్యెత్తి ఎరగదు. జనని చెంప మీద చెయ్యి పెట్టుకుని, ఏడవకుండా, తల్లిని తేరిపార చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి భువనేశ్వరి బుర్ర ఒక మాట అందించింది. నోటితో తిట్టలేదుగా, చేత్తోనేగా.

ఆ మాట మొదటిసారి ఎక్కడ తోచిందో గుర్తుకొచ్చి ఆవిడకు తన మీద తనకే రోత పుట్టింది. రోత పుట్టిన మనిషి కాళ్ళు కడుక్కుని దీపం ముందు కూర్చోవాలి. ఈవిడ పర్సు తీసుకుని, టెంపో ఎక్కి, కోసపాళయంలో దిగింది. అక్కడ ఒక సందులో అయ్యనార్ అనే అతని నెట్ సెంటర్ ఉంది. ప్లైవుడ్ గదులు, తిరగని ఫ్యాను, చెమట కంపు. పక్క గదిలో ఎవరో ఒంటరిగా తెర చూసి నవ్వుతున్నారు. తను కూడా బయటివాళ్ళకు ఇలాగే వినబడి ఉంటుందా అనిపించి, ఆ నవ్వు మీద కూడా కోపమొచ్చింది.

సైటు తెరిచింది. ఇన్ని రోజుల తిట్లన్నీ గుట్టగా పడి ఉంటాయనుకుంది. తన పులుసు కింద చూస్తే, ఆ శుక్రవారం తను రాసిన పేజీడు తిట్ల తర్వాత ఎవరో అడిగారు, "గోదావరి వదినా, ఆ పుదుచ్చేరి ఆవిడకు మీరేమీ జవాబు చెప్పరా?" అని. దాని కింద గోదావరి వదిన రాసింది. ఆరు నెలల్లో ఆమె ఈ పేజీలో రాసిన రెండో మాట అదే.

"ఏ పులుసండీ? నేను చాలావాటికి రాస్తుంటాను. నాకు గుర్తు లేదు."

ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు. వదినగారు పై పేజీలో ఎవరికో మైసూర్‌పాకు గట్టిపడితే ఏం చెయ్యాలో చెబుతోంది.

భువనేశ్వరి ఆ మాట మళ్ళీ చదివింది. గుర్తు లేదట! తను నిద్ర మానుకుంది. మొగుడికి ఇడ్లీలు పెట్టింది. పేరంటాలమ్మ పాలు మాడ్చింది. బిడ్డ చేత కుక్క అనిపించింది, ఆ బిడ్డ చెంపే పగలగొట్టింది. ఆమెకు గుర్తు లేదు! మధ్యలో వచ్చిన ఆ మారుపేర్ల వాళ్ళెవరూ ఆమె కాదన్నమాట. ఇన్నాళ్ళూ తను పోట్లాడింది, పనీపాటా లేక గట్టు మీద కూర్చుని రాళ్ళు విసిరే వాళ్ళతో. ఆవిడకు ఇంతకు ముందెన్నడూ రానంత కోపం వచ్చింది. వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి. 'గుర్తు చేస్తానుండు' అని మొదలుపెట్టి గబగబా కొట్టింది. కొడుతూ ఉంటే కుడి అరచెయ్యి మండింది. జనని చెంప మీద పడిన చెయ్యి అది. ఇంకా తిమ్మిరిగానే ఉంది.

ఆగింది. తను కొట్టినదాన్ని తనే లోపల చదువుకుంటుంటే అది తన గొంతులో కాక జనని గొంతులో వినబడింది. వేలు ఒక్కో అక్షరాన్నీ వెనక్కి తుడుచుకుంటూ వచ్చింది.

"అయ్యనార్, ఇట్ట రాయా" అని పిలిచింది. "దీంట్లో నా పాస్‌వర్డ్ మార్చాల. నువ్వే ఏదో ఒకటి కొట్టు. నాకు చెప్పొద్దు. నేను అట్ట తిరుక్కుంటాను."

అయ్యనార్ వింతగా చూశాడు. "తరువాత నన్ను తిట్టగూడదు అక్కా. అందరూ ఇట్నే చెప్తారు. రెండు దినాల్లో వచ్చి అడుగుతారు."

"అడిగితే మరిచిపోయినానని చెప్పు."

అతను కొట్టాడు. ఆవిడ ప్లైవుడ్ గోడ వైపు తిరిగి, ఆ టకటక చప్పుడు విని, పళ్ళు బిగబట్టి కూర్చుంది.

ఇంటికి వచ్చి జనని ముందు నిలబడింది. "కొట్టింది నా తప్పు పాపా" అంది. జనని పుస్తకంలోంచి తల ఎత్తలేదు. సరే, ఎత్తాలని ఎక్కడుంది? చెంప పగలగొట్టి క్షమించమనగానే క్షమించడానికి బిడ్డలేం దేవతలు కారు.

ఇక అంతా సర్దుకుందని చెబితే అబద్ధం. మూడో శుక్రవారం దాటాక భువనేశ్వరి కోసపాళయంలో దిగి, కొత్తిమీర కొనాలనే నెపంతో ఆ సందులోకి పోయి, నెట్ సెంటర్ ముందు నిలబడింది. అయ్యనార్ ఆమె నోరు విప్పకముందే "మరిచిపోయినా అక్కా" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని మొహమే చెబుతోంది. వాడి వంశాన్ని మొత్తం మనసులో కడిగేసి, కొత్తిమీర కూడా కొనకుండా ఇంటికి వచ్చింది. వచ్చి చింతపండు నానబోసింది. ఆ మధ్యాహ్నం చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో వడగం తాలింపు ఘుమఘుమలాడింది. శ్యామ్‌సుందర్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ మనిషి అంతే. ఆ అనకపోవడం మీద కూడా భువనేశ్వరికి కోపమొచ్చింది గాని, గిన్నె మాత్రం ఖాళీ అయింది.

ఆఖరి శుక్రవారం వచ్చింది. మట్టలు ముందే ఎండబెట్టింది. అంబుజం గరిటె ఇచ్చింది. ఈసారి కళ్ళకద్దుకోలేదు. మరగతం కొత్త చీర కట్టుకుని వచ్చింది. అవసరమైతే పీట మీద కూర్చోవడానికి సిద్ధంగా, తలారా పోసుకుని మరీ వచ్చింది.

పాలు పోసి తపేలా ఎక్కించగానే మరగతం మొదలుపెట్టింది. "అక్కా, మంట ఎక్కువైందేమో చూడు. పోయినసారి మాదిరి అయిపోతే అత్త తట్టుకోలేదు." కొంచెం ఆగి, "అలవాటు లేని పని గదా పాపం" అంది. భువనేశ్వరికి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా మంచి జవాబు, ఆ సైట్లో రాసి ఉంటే పదిమంది చప్పట్లు కొట్టేవాళ్ళు. మింగేసింది.

పెరటి గుమ్మంలోంచి చూస్తే హాల్లో కంప్యూటర్ కనబడుతుంది, అల్లిక గుడ్డ కప్పుకుని. దాని పక్కనే జనని కూర్చుని ఉంది. ఆ సాయంత్రం నుంచి తల్లితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. భువనేశ్వరి కాళ్ళు లేవమన్నాయి. తెర చూడాలని కాదు, అలవాటు. పొయ్యి ముందు కూర్చుంటే కాళ్ళకు లేవడం అలవాటైపోయింది. ఆవిడ ఎడమ చేత్తో పీట అంచు గట్టిగా పట్టుకుంది. పొగ కళ్ళలోకి కొట్టింది. కదల్లేదు.

పాలు అంచులకు వచ్చాయి. నురగ గుండ్రంగా లేచి, ఒక్క క్షణం ఆలోచించి, నాలుగు వైపులా దిగింది.

"పొంగింది తల్లీ!" అని భువనేశ్వరి వేసిన కేకకు పక్కింటి వాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. నెల రోజులు బిగబట్టిన నోరది. అందులో నుంచి ఎన్ని తిట్లు రావలసి ఉండెనో అన్నీ కలిపి ఆ ఒక్క కేకలో వచ్చాయి. అంబుజం కుర్చీలోంచి సగం లేచి చేతులు జోడించింది. బియ్యం పడ్డాయి, బెల్లం పడింది. అమ్మవారికి పెట్టకముందు రుచి చూడకూడదు గనుక, చేతి అంచనాతోనే అంతా పడింది.

పేరంటాలమ్మకు పెట్టాక మొదటి ముద్ద ఇంటి ఆడపిల్లకు. జనని వచ్చి అరిటాకు ముందు కూర్చుంది. భువనేశ్వరి గరిటెతో తీసి వడ్డించింది. జనని తల వంచుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది. అందరూ చూస్తున్నారు.

"బెల్లం తక్కువ" అంది.

"అయ్యో, అట్ట అనగూడదు పాపా, అమ్మవారిది" అంది మరగతం. ఆమె గొంతులో బాధ కంటే హాయి ఎక్కువ.

భువనేశ్వరి చెవులు వేడెక్కాయి. ఎవరు తక్కువన్నది? ఈ పొంగలి ఎన్ని తరాలుగా ఇట్లాగే వండుతున్నారో తెలుసా? నీకేం తెలుసు రుచి గురించి? ఆరు నెలలు నలిగిన మాటలన్నీ వరసకట్టి నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. గరిటె కాడ చుట్టూ వేళ్ళు బిగుసుకున్నాయి. అంబుజం ఆ వేళ్ళనే చూస్తోంది.

భువనేశ్వరి కింద కూర్చుంది. జనని ఆకులోంచి రెండు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది.

"అవును" అంది. "తక్కువే."

జనని తల ఎత్తి చూసింది. ఆ చెంప దెబ్బ తర్వాత తల్లి మొహం నేరుగా చూడటం ఇదే మొదటిసారి. ఆకు ముందుకు జరిపింది.

"ఇంకొంచెం పెట్టమ్మా" అంది.